చెడిన గుడ్డను మసిగుడ్డ చెయ్యకండి

పోయిన సంక్రాంతికి ముందు మా వంటింట్లో ఒక చిన్న గొడవ జరిగింది. అత్తమ్మ పొయ్యి మీది పాలగిన్నె దించుతోంది. చేతిలో మసిగుడ్డ. జానెడు లాంగ్‌క్లాత్ ముక్క, ఎండిన కరివేపాకు రంగు, మధ్యమధ్యలో లేత మచ్చలు. ఒక మూల నల్లదారంతో 14 అని కుట్టి ఉంది. ఆ కుట్టు నాదే.

"అత్తమ్మా, అది నా పద్నాలుగో నంబరు!" అన్నాను. అరిచానేమో కూడా.

"ఏందమ్మణ్ణీ నీ నంబర్లు? మచ్చలు మచ్చలుగా ఉంటే పారేసిందే అనుకున్నా. మసిగుడ్డకి బాగుండాది" అంది ఆవిడ, అదే ముక్కతో గట్టు కూడా తుడిచేస్తూ.

ఆవిడ తప్పేం లేదు. మన ఇళ్ళల్లో పాతబడిన గుడ్డ నడిచే దారి ఒకటుంది. బయటికి కట్టుకునేది ఇంట్లో కట్టుకునేది అవుతుంది, తర్వాత బొంతలోకి పోతుంది, తర్వాత మసిగుడ్డ, చివరికి బండి తుడిచే గుడ్డ. పొదుపైన దారే. కానీ గుడ్డలకు రంగులు వేసుకునే ఇంట్లో ఆ పొదుపు వల్ల ఒక నష్టముంది. గుడ్డ ఎందుకు చెడిందో చెప్పగలిగిన సాక్షి ఆ గుడ్డ ఒక్కటే. దానికి నూనె, పసుపు, మసి అంటాక అది ఇంక నోరు విప్పదు.

తప్పులు చేస్తేనే నేర్చుకుంటాం అని అందరూ అంటారు. నేను కూడా పిల్లలకు చెప్పేదాన్ని. ఇప్పుడు చెప్పడం మానేశాను. ఐదేళ్ళకు పైగా మేడ మీద గుడ్డలకు రంగు వేస్తున్నాను, ఉన్న రంగు తీస్తున్నాను. చెడగొట్టిన వాటికి లోటు లేదు. వాటిలో సగానికి పైగా నాకు ఏమీ నేర్పలేదు, బజారుకు పోయి ఇంకో మీటరు గుడ్డ తెచ్చుకోవడం తప్ప. నేర్పిన ఆ కొన్ని ఎందుకు నేర్పాయో, మిగిలినవి ఎందుకు నేర్పలేదో అనేదే నా వాదన.

నేను లెక్కల ట్యూషన్లు చెప్పుకునే మనిషిని. ఉండేది నెల్లూరు వేదాయపాళెంలో. 2020 లాక్‌డౌన్‌లో ట్యూషన్లు ఆగిపోయి, చేతులు ఊరుకోక, ఎప్పుడో చిన్నబజారులో కొన్న రంగు పొట్లాలు బయటికి తీశాను. మా ఆయన పాత పంచె ఒకటి ఉప్పు వేసి మరిగించి వంగపండు రంగుకు తెచ్చాను. ఆరేసినప్పుడు వీధిలో వాళ్ళు కూడా మెచ్చుకున్నారు. మొదటి ఉతుకులో రంగు దిగి రెండు తెల్లచొక్కాలు లేత వంగపండు చొక్కాలయ్యాయి. సరే, ఇంకోసారి చూద్దాం అని పొట్లం మార్చాను, కొట్టు మార్చాను, ఉప్పు పెంచాను, ఎవరో చెప్పారని వెనిగర్ పోశాను, ఇంకో అరగంట ఎక్కువ మరిగించాను. ఈసారి ఇంకో రకంగా చెడింది.

ఐదు సంగతులు ఒక్కసారే మార్చాను. ఐదు తెలియని రాశులకు ఒక్క సమీకరణం ఇచ్చి సాధించమంటే నా తొమ్మిదో తరగతి పిల్లలే నన్ను చూసి నవ్వుతారు. ఆ నవ్వు నాకు ఏడాది తర్వాత వినిపించింది. అప్పటికి పదకొండు గుడ్డలు మసిగుడ్డలైపోయాయి. వాటిలో దేనికి ఎంత ఉప్పు పడిందో, ఏ గిన్నెలో మరిగిందో నాకిప్పుడు తెలియదు. ఒక్క సంగతి మాత్రం తెలుసు, అదీ గిన్నె చెప్పింది కాబట్టి. చాకలిసోడా వేసి సత్తుగిన్నెలో వేడి చేస్తే గిన్నె బుడగలు కక్కి నల్లబడింది. సోడా అల్యూమినియంను తినేస్తుంది. అప్పటి నుంచి స్టీలు అండా, ప్లాస్టిక్ బకెట్ తప్ప వాడను.

బజారు పొట్లాల్లో ఎక్కువగా ఉండేది డైరెక్ట్ డై అని తర్వాత చదివి తెలుసుకున్నాను. అది నూలు పోగును పట్టుకుని వేలాడుతుంది, అంతే. ప్రతి ఉతుకుకూ కొంత జారుతుంది. రియాక్టివ్ డై సోడా నీళ్ళలో నూలుతో రసాయన బంధమే వేసుకుంటుంది, ఇంక జారదు. 1954లో ఇంగ్లండ్‌లో ఐసీఐ కంపెనీలో పనిచేసే రాటీ, స్టీఫెన్ అనే ఇద్దరు ఈ దారి కనిపెట్టారు. 1956లో ప్రోసియన్ అనే పేరుతో ఆ రంగులు బజారుకు వచ్చాయి. చన్నీళ్ళలోనే పని చేస్తాయి, పొయ్యి వెలిగించక్కర్లేదు. మా అత్తమ్మకు గ్యాసు ఖర్చు లేదని చెప్పి అనుమతి తీసుకున్నది ఈ మాట మీదే.

ఇక్కడి నుంచి నేను చెడగొట్టిన తీరు మారింది. ఒకరోజు అర లీటరు ఎర్రరంగు కలిపి, సోడా కూడా అందులోనే వేసేసి, సగం వాడాను. మిగతాది సీసాలో పోసి మూత పెట్టాను, పొద్దున వాడుకుందాంలే అని. పొద్దున చూస్తే సీసాలో రంగు మందారంలా నిగనిగలాడుతోంది. రాత్రి ఎట్లా ఉందో అట్లాగే. గుడ్డ ముంచాను, గంటన్నర ఉంచాను, తీశాను. గుడ్డ కూడా మందారమే. కుళాయి కింద పెట్టానో లేదో, రంగంతా కాలవలోకి పోయింది. నాలుగు నీళ్ళకు గుడ్డ లేత గులాబీ. రాత్రి వేసిన గుడ్డ మాత్రం అదే రంగుతో, అదే తీగ మీద, ఒక్క చుక్క జారకుండా ఆరుతోంది.

ఈ రెండు గుడ్డలూ పక్కపక్కన ఉండబట్టి నాకు బుర్ర వెలిగింది. గుడ్డ ఒకే తానులోది, రంగు ఒకే సీసాలోది, నీళ్ళు ఒకటే, ఉప్పు ఒకటే. మారింది ఒక్క రాత్రి. అంటే రాత్రంతా సీసాలో ఏదో జరిగింది. జరిగింది ఏమిటంటే, సోడా పడగానే రంగు దేనితోనో ఒకదానితో బంధం వేసుకోవడానికి తయారవుతుంది. నూలు దొరికితే నూలుతో, దొరక్కపోతే నీళ్ళతోనే. నీళ్ళతో పెళ్ళయిపోయిన రంగు ఇంక నూలు వైపు చూడదు. చూడడానికి మాత్రం రంగు అట్లాగే ఉంటుంది, అదే మోసం. కంటికి కనిపించే రంగు వేరు, పని చేసే రంగు వేరు అని ఆ పొద్దున తెలిసింది. అప్పటి నుంచి గుడ్డ రంగు నీళ్ళలో నానాకే సోడా వేస్తాను.

ఆ రెండు ముక్కలే నా పెట్టెలో 1, 2. అంతకు ముందువి ఏవీ లేవు.

నంబర్లు కుట్టడం మొదలుపెట్టాక కూడా నేను వెంటనే బాగుపడ్డానని అనుకోకండి. మచ్చల సంగతి చెప్తాను. ఎంత జాగ్రత్తగా కలిపినా గుడ్డ మీద లేత మచ్చలు వచ్చేవి, బొల్లి వచ్చినట్టు. దోషి ఎవరో నాకు ముందే తెలుసు: మా బోరు నీళ్ళు. కుళాయిల మూతుల మీద తెల్లటి పెచ్చు కడుతుంది, సబ్బు నురగ రాదు, పప్పు ఉడకదు. ఇంకెవరుంటారు? ఏడాది పాటు వచ్చిన వాళ్ళందరికీ "మా నీళ్ళు మంచివి కాదు" అని చెప్పాను. వాళ్ళూ తలాడించారు. నెల్లూరులో బోరు నీళ్ళను తిడితే కాదనే వాళ్ళుంటారా?

పరీక్ష పెట్టింది మా అమ్మాయి. ఇంటర్ సెలవుల్లో ఉంది. "అమ్మా, ఒకసారి క్యాన్ నీళ్ళతో చేసి చూడరాదా, ఇన్నాళ్ళు ఎందుకు చెయ్యలేదు?" అంది. నా దగ్గర జవాబు లేదు. నిజం చెప్పాలంటే, కారణం తెలుసనుకున్నాక పరీక్ష గుర్తుకు రాదు. రెండు టబ్బులు పెట్టాం. ఒకదాంట్లో బోరు నీళ్ళు, ఒకదాంట్లో 20 లీటర్ల క్యాన్ నీళ్ళు. ఒకే తానులో చింపిన రెండు ముక్కలు. రెండింటికీ మచ్చలొచ్చాయి. అవే మచ్చలు, అదే తీరు.

క్యాన్ నీళ్ళ డబ్బులు పోయాయని అత్తమ్మ అంటుంటే నాకు మాత్రం ఆ పూట పండగలా ఉంది. మూడో ముక్కను గంటసేపు సోడా, సబ్బు వేసి ఉడకబెట్టాం. నీళ్ళు టీ డికాషన్ రంగుకు తిరిగాయి! కొత్త గుడ్డలో నేతకు పెట్టిన గంజి, నూలులో సహజంగా ఉండే మైనం ఇన్నాళ్ళూ అట్లాగే ఉన్నాయి. నేను చేసిందల్లా ఒక్కసారి జాడించి రంగులో ముంచడం. గంజి ఉన్న చోట రంగు దిగలేదు, లేని చోట దిగింది. ఉడికిన ముక్కకు బోరు నీళ్ళలోనే రంగు వేస్తే మచ్చ లేదు. అట్లాగని బోరు నీళ్ళు నిర్దోషి అని కొట్టెయ్యను. సోడా వెయ్యగానే టబ్బు అడుగున తెల్లపొడి పేరుకుంటుంది, నీళ్ళలోని సున్నం విరిగి కిందికి దిగిందన్నమాట. క్యాన్ నీళ్ళ ముక్కతో పోలిస్తే రంగు కాస్త మసకగా వస్తుంది కూడా. నేరం చిన్నది, నేను వేసిన నింద పెద్దది.

మచ్చలొచ్చిన గుడ్డలు అంతకు ముందు తొమ్మిది ఉండాలి. దాచింది మూడే. ఆ తొమ్మిదీ ఉండి, ఏ తానుకు మచ్చ వచ్చిందో ఏ తానుకు రాలేదో పక్కన రాసి ఉంటే, క్యాన్ కొనకుండానే ఆ సంగతి తేలేది. పాత ఉతికిన పంచెలకు మచ్చ ఎప్పుడూ రాలేదని ఇప్పుడు గుర్తొస్తోంది. అప్పుడు గుర్తు రాలేదు.

నా నోట్‌బుక్ ఇప్పుడు ఇట్లా ఉంటుంది. గుడ్డ బరువు, పొడిగా ఉన్నప్పుడు. రంగు బరువు, గుడ్డ బరువులో ఎంత శాతమో. పావుకిలో గుడ్డకు 5 గ్రాముల రంగు అంటే 2 శాతం. లీటరు నీళ్ళకు ఉప్పు 50 గ్రాములు, సోడా 20. సోడా వేశాక ఎన్ని నిమిషాలు. ఇవి అందరూ రాసుకునేవే. నేను అదనంగా నెల కూడా రాస్తాను. మే నెలలో మా మేడ మీద ట్యాంకు నీళ్ళు చెయ్యి పెట్టనివ్వవు, ఈ రంగులకు మరీ అంత వేడి అక్కర్లేదు. కార్తీకంలో ఈశాన్య రుతుపవనం ముసురు పట్టినప్పుడు అదే ట్యాంకు నీళ్ళు జిల్లుమంటాయి, అదే కొలతలకు రంగు పలచగా వస్తుంది, ఇంకో రెండు గంటలు ఉంచాలి. చన్నీళ్ళ రంగు అని డబ్బీ మీద రాసిన వాడు మన చన్నీళ్ళ సంగతి ఎరగడు.

ఇప్పుడు రంగు తియ్యడం గురించి. దీని గురించి రాయాలంటే ఇప్పటికీ కొంచెం టెన్షన్‌గానే ఉంటుంది.

మా అమ్మ కావలిలో ఉంటుంది. ముదురు గులాబీ రంగు సీకో చీర ఒకటి నాకిచ్చింది, "ఈ వయసులో ఈ రంగేంటమ్మా, కాస్త తగ్గించి ఇవ్వు, నువ్వు ఇప్పుడు రంగులు చేస్తున్నావు కదా" అని. బ్లీచ్ కలిపిన బకెట్‌లో ముంచి ట్యూషన్‌కు కూర్చున్నాను. బ్యాచ్ అయిపోయాక వచ్చి ఎత్తితే చీర రాలేదు. వేళ్ళ మధ్య జిగురులా సాగింది. పట్టు పోగులు ఉన్న మేరా కరిగిపోయి నూలు పోగులు మాత్రం ఒంటరిగా మిగిలాయి, పళ్ళూడిన దువ్వెనలా. సీకో అంటే సిల్కు, కాటన్ కలిపిన నేత అని నాకు తెలుసు. పట్టు బ్లీచ్‌లో కరుగుతుందనీ ఎక్కడో చదివాను. ఆ రెండు సంగతులూ నా బుర్రలో రెండు వేర్వేరు గదుల్లో ఉన్నాయి.

అంతటితో ఆగలేదు. కనీసం మిగిలిందన్నా కాపాడదామని, బ్లీచ్‌ను ఆపాలంటే వెనిగర్ పొయ్యమని ఒక వీడియోలో విన్నది గుర్తొచ్చి పోశాను. ముక్కు, గొంతు, కళ్ళు ఒక్కసారి మండిపోయాయి. బకెట్ వదిలేసి మేడ మీదికి పరుగెత్తాను. రెండు రోజులు దగ్గు. బ్లీచ్‌లో ఆమ్లం ఏది పడినా, వెనిగర్ అయినా నిమ్మరసమైనా బాత్రూమ్ కడిగే యాసిడ్ అయినా, క్లోరిన్ వాయువు వస్తుంది. తప్పులు చేసి నేర్చుకోవాలి అనే మాట మీద నాకు కోపం వచ్చింది కూడా ఆ రోజే. కొన్ని తప్పులు చెయ్యకుండానే తెలుసుకోవాలి. ఈ ఒక్క సంగతి మాత్రం నా మాట మీద నమ్మండి, మీరు చేసి చూడొద్దు.

మరి బ్లీచ్‌ను దేంతో ఆపాలి? జవాబు నాకు రొయ్యల దగ్గర దొరికింది. మా పిన్ని కొడుకు ఇక్కడి తీరంలోనే ఒక రొయ్యపిల్లల హేచరీలో పని చేస్తాడు. ఫోన్‌లో నా దగ్గు విని సంగతి అడిగి నవ్వాడు. "ఏంటక్కా, మేం రోజూ చేసే పనే గదా అది. సముద్రం నీళ్ళలో రోగాలు పోవాలని బ్లీచింగ్ కొడతాం, ఆ క్లోరిన్ అట్టాగే ఉంటే పిల్ల బతకదు, అందుకని థయోసల్ఫేట్ వేస్తాం. వచ్చేటప్పుడు అరకిలో తెస్తాలే." సోడియం థయోసల్ఫేట్ అంటే పాతకాలం ఫోటో స్టూడియోల్లో వాడిన హైపోనే. కలకండ పలుకుల్లా ఉంటుంది. బ్లీచ్ నుంచి తీసిన గుడ్డను నీళ్ళలో జాడించి హైపో నీళ్ళలో పది నిమిషాలు ఉంచితే పోగుల్లో మిగిలిన క్లోరిన్ ఆగిపోతుంది. ఉత్త నీళ్ళతో ఎంత జాడించినా కొంత మిగులుతుంది. ఆ మిగిలిందే నాలుగు ఉతుకుల తర్వాత గుడ్డ పిగిలిపోవడానికి కారణం. నెల్లూరులో ఉండి, చుట్టూ రొయ్యల చెరువులు పెట్టుకుని, ఈ మందు కోసం నేను ఆన్‌లైన్‌లో వెతికాను చూడండి.

అమ్మ ఏమీ అనలేదు. "పోన్లేమ్మా, పాతదే గదా" అంది. తిడితే బాగుండేది. ఆ చీరలో ఒక ముక్క దాచాను, 22. మర్నాడు దువ్వెనలో వెంట్రుకలు ఒక గ్లాసు బ్లీచ్‌లో వేసి చూశాను. సాయంత్రానికి లేవు. పట్టు, ఉన్ని, వెంట్రుక ఒకే జాతి, అన్నీ ప్రొటీన్లే. ఇప్పుడు ఏ గుడ్డ వచ్చినా అంచు నుంచి నాలుగు పోగులు లాగి కాలుస్తాను. కాగితం కాలిన వాసనతో మెత్తటి బూడిద అయితే నూలు. వెంట్రుక కాలిన కంపు కొడితే పట్టు. కరిగి గట్టి పూసలా ముద్దకడితే పాలిస్టర్. నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి, రెండూ కాల్చాలి. పడుగు ఒకటి, పేక ఒకటి అయి ఉండొచ్చు. కుట్టిన బట్టలైతే కుట్టుదారం కూడా. అది చాలాసార్లు పాలిస్టర్ అయి ఉంటుంది. నేను వేసిన ముదురు నీలం కుర్తీ ఒకటి, తెల్లటి కుట్లన్నీ అట్లాగే మిగిలి, దర్జీవాళ్ళు గుడ్డ మీద సుద్దతో గీసుకున్న గీతల్లా కనిపించేది. ఏడాది తొడిగాను దాన్ని. ఎంబ్రాయిడరీ చేయించావా అని ఒకావిడ అడిగింది, అవునన్నాను.

ఒకసారి భయం పోయాక, రంగు తియ్యడమంత సరదా పని ఇంకోటి లేదు. నల్లగుడ్డలు ఐదు తెచ్చాను. పాత టీషర్టు, చుడీదార్ పైజమా, లోపల కట్టే లంగా, ఒక జాకెట్ ముక్క, విరిగిన గొడుగు గుడ్డ. ఐదూ ఒకే నలుపు, కళ్ళకు తేడా లేదు. ఒకే బకెట్‌లో, ఒకే బ్లీచ్ నీళ్ళలో ఐదు నిమిషాలు. టీషర్టు ఇటుక రంగుకు వచ్చింది, పైజమా బెల్లం రంగుకు. లంగా మురికి గులాబీ. జాకెట్ ముక్క బూడిద రంగు దాకా వచ్చి ఆగింది. గొడుగు గుడ్డ పాలిస్టర్, అది చెక్కు చెదరలేదు. నలుపు అనేది ఒక రంగు కాదని, రకరకాల రంగులు కలిపి చేసే వేషమని చదివి కాదు, చూసి తెలుసుకున్నాను. ఏ నలుపు కింద ఏ రంగు ఉందో అంగట్లో అమ్మే వాడికీ తెలియదు, చీటీ మీదా రాయరు. ముక్క చింపి ముంచి చూడాల్సిందే. అందుకే రంగు తీసే పనిలో చెడిపోవడం అనే మాటే నాకు సరిగ్గా అనిపించదు. అరచేతంత ముక్క ఇటుక రంగుకు వస్తే అది సమాచారం. ఆరు గజాల చీర ఇటుక రంగుకు వస్తే అది ఏడుపు. తేడా అంతా ముక్క సైజులోనే ఉంది.

పట్టుకు బ్లీచ్ పనికిరాదు కాబట్టి అద్దకం వాళ్ళు హైడ్రోస్ వాడతారు. తెల్లపొడి, గంధకం ఘాటు, తడి తగిలితే వేడెక్కి అంటుకునే గుణం కూడా ఉంది, డబ్బా మూత విషయంలో అశ్రద్ధ చెయ్యకూడదు. బ్లీచ్ రంగును విరగ్గొట్టే పద్ధతి వేరు, హైడ్రోస్ పద్ధతి వేరు. అది నాకు మా అబ్బాయి జీన్స్ ప్యాంటు చెప్పింది. వేడినీళ్ళలో సోడా, హైడ్రోస్ వేసి ప్యాంటు ముంచాను. పావుగంటలో నీలం పోయి పసుపు కలిసిన ఆకుపచ్చ అయింది. సంబరంగా తీసి తీగ మీద వేశాను. నేను చూస్తుండగానే, గాలి తగిలిన చోటు నుంచి మొదలుపెట్టి, ప్యాంటు మళ్ళీ నీలం కాసాగింది! ఐదు నిమిషాల్లో ఎప్పటి ప్యాంటే. పైగా అంతకు ముందు తెల్లగా ఉన్న జేబుల లోపలి గుడ్డ కూడా నీలమైంది. రంగు తీద్దామని పోయి రంగు వేసి వచ్చాను.

ఆ సంగతి కోవూరు మండలం పాటూరులో ఒక ముసలాయనకు చెప్పాను. నేత ఊరు అది. చీరలకని వెళ్ళి మాటల్లో పెట్టాను. ఆయన నవ్వి, "నువ్వు తీసింది ఏందమ్మా, నీలి తొట్టి పెట్టుకున్నావు ఇంట్లో" అన్నాడు. నిజమే. జీన్స్‌కు వేసే నీలం నీలిమందే, అది నీళ్ళలో కరగదు. దానికి హైడ్రోజన్ చేరితేనే పచ్చగా మారి కరిగి నూలులోకి దిగుతుంది, గాలి తగిలితే తిరిగి నీలమై అక్కడే ఉండిపోతుంది. పాతకాలంలో తగిరిస గింజలు, సున్నం వేసి రోజుల తరబడి పులియబెట్టి చేసిన పని హైడ్రోస్ పావుగంటలో చేసింది. పందొమ్మిదో శతాబ్దంలో మన నెల్లూరు, పక్కన కడప జిల్లాల్లో నీలిమందు పెద్ద పంట. 1897లో జర్మనీలో బీఏఎస్ఎఫ్ కంపెనీ కృత్రిమ నీలిని బజారుకు తెచ్చాక అది పడిపోయింది. మా తాతల ఊళ్ళల్లో పండిన రంగు గురించి నాకు ఒక జీన్స్ ప్యాంటు చెప్పాల్సి వచ్చింది.

ఆయనే ఇంకో మాట చెప్పాడు. వాళ్ళ నాయన నూలుకు రంగు వేసే రోజుల్లో ప్రతి తడవా చిలప లోంచి ఒక పోగు తెంపి ఇంటి దూలానికి కట్టేవాడట, బాగా వచ్చినా రాకపోయినా. వాటి పక్కన రాత ఏమీ ఉండేది కాదు, ఆయనకు చదువు రాదు. ముడులను బట్టి గుర్తు. "మా అమ్మ బూజు దులిపేటప్పుడు దాని జోలికి పోయేది కాదు" అన్నాడు. ఆ ఇంటావిడను తలుచుకుంటే నాకు ఇప్పటికీ అసూయగా ఉంటుంది.

దాచడం వల్ల ఊహించని లాభం ఒకటి కలిగింది. మొదట్లో నంబరు చీటీలను ముక్కలకు స్టేప్లర్‌తో కొట్టేదాన్ని. కరక్కాయ నీళ్ళలో నానబెట్టిన ముక్క ఒకటి తడి ఆరకముందే పెట్టెలో పెట్టాను. వారం తర్వాత చూస్తే పిన్ను చుట్టూ సిరాచుక్కల్లాంటి రెండు నల్లమచ్చలు. పిన్ను తుప్పు పట్టింది, కరక్కాయలోని వగరుతో ఇనుము కలిసి నలుపైంది. శ్రీకాళహస్తి కలంకారీలో గీతలు గీసే నలుపు కూడా ఈ కూటమే. తుప్పు ఇనుమును బెల్లం నీళ్ళలో రోజుల తరబడి ఊరబెట్టి, కరక్కాయ పట్టించిన గుడ్డ మీద గీస్తారు. నేను చీటీ అంటించబోయి అక్కడికి చేరాను. ఆ ముక్కను మసిగుడ్డ చేసి ఉంటే మసి మధ్య ఆ రెండు చుక్కలు ఎవరికి కనిపిస్తాయి? అప్పటి నుంచి నంబర్లు దారంతో కుడుతున్నాను, ఆ ఒక్క ముక్కకు తప్ప.

అత్తమ్మ వాదన కూడా న్యాయంగా చెప్పాలి. "ఇన్ని వేలు పోసి, చేతులు బొబ్బలెక్కించుకుని, ఆ రంగు గుడ్డే బజారులో కొంటే పోదా?" అంటుంది. లెక్కల మనిషిగా ఒప్పుకుంటున్నాను, డబ్బు లెక్కలో ఆవిడదే గెలుపు. బకెట్లు, తూకం, రంగులు, పాడైన గుడ్డలు అన్నీ కూడితే నేను వేసుకున్న ఒక్కో కుర్తీకి బజారు ధర కంటే ఎక్కువే పడింది. కరివేపాకు చెట్టు కూడా నా లెక్కలోనే రాయాలి. బ్లీచ్ నీళ్ళు తెలియక దాని మొదట్లో పోశాను, ఆకంతా రాలి చచ్చింది. దాని గురించి ఆవిడ ఇప్పటికీ, పులుసులో పోపు పెట్టే ప్రతిసారీ, ఒక మాట అంటుంది. దానికి నేను ఎదురు చెప్పను. కానీ ఈ ఖర్చును గుడ్డల ఖర్చు కింద రాయడమే ఆవిడ పొరపాటు. మా అమ్మాయి ఇంటర్ ప్రాక్టికల్స్‌కు పుస్తకాలకూ ల్యాబ్‌కూ కట్టాం కదా, అందులో ఏం కుర్తీ వచ్చింది?

ఇంతకీ 14. నోట్‌బుక్ తీసి చూస్తే అది గంజి తీయకముందు కాలం నాటి ముక్క. మచ్చలు అందుకే. మచ్చలు కాని చోట ఆ ఎండిన కరివేపాకు రంగు, పసుపు, నీలం, రవ్వంత ఎరుపు కలిపి చేసింది, అంత అందంగా నాకు మళ్ళీ ఎప్పుడూ రాలేదు. కొలతలు ఉన్నాయి. ఎరుపు దగ్గర మాత్రం "చిటికెడు" అని రాసుంది. లెక్కల టీచరు రాసిన చిటికెడు! ముక్కనే చూసి సరిపోల్చుకుందామంటే దాని మీద ఇప్పుడు పాలు, పసుపు, మినపట్టు నూనె ఉన్నాయి. సబ్బుతో ఉతికితే నూనె పోయింది, పసుపు పోలేదు. ఎండలో వేస్తే పసుపు వెలుస్తుంది కానీ రంగూ వెలుస్తుందేమోనని వెయ్యలేదు.

నిన్న ఆదివారం మళ్ళీ వేశాను. అత్తమ్మ మేడ మెట్లెక్కి వచ్చి, తీగ మీది ముక్కను రెండు వేళ్ళతో పట్టుకుని, కళ్ళజోడు పైకెత్తి చూసింది. "ఆ రోజు నేను తుడిచిన దానికంటే ముదురుగా ఉండాదే" అంది. ఆవిడకు రంగు గుర్తుంది.

రాత్రి నోట్‌బుక్‌లో రాసింది ఇది: 61. లాంగ్‌క్లాత్, 38 గ్రాములు, గంట ఉడికింది. బోరు నీళ్ళు. పసుపు 0.5, నీలం 0.2, ఎరుపు 0.05 గ్రాములు. సోడా వేశాక 60 నిమిషాలు. మచ్చ లేదు. 14 కంటే ముదురు, అత్తమ్మ చెప్పింది. రేపు ఎరుపు సగం.